మర్రిచెట్టుకీ కావాలి డాక్టరు!

మొయినాబాద్ దాటి చేవెళ్ల వైపు వెళ్తుంటే రోడ్డుకి రెండువైపులా మర్రిచెట్లు గొడుగు పడతాయి. హైదరాబాద్-బీజాపూర్ రహదారి విస్తరణలో అవి పోకూడదంటూ ప్రకృతి ప్రేమికులు జాతీయ హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్లారు. సరే, చెట్టు నిలిచింది... ఆ తర్వాత? మొదలు చుట్టూ తారు పోస్తే వేళ్లకి నీరూ గాలీ అందవు. ఊడల్ని నేలకి దిగకముందే కోసేస్తే పెద్ద కొమ్మలకి ఊతం ఉండదు. వేరేచోట నాటితే ఏళ్లపాటు కనిపెట్టుకుని ఉండాలి. ఇవన్నీ నేర్పే చదువే ఫారెస్ట్రీ. అడవిలో ఉద్యోగానికే కాదు, ఊళ్లో చెట్టుని కాపాడటానికీ అది కావాలి. ఇంటర్లో సైన్సు చదివినవాళ్లకి సిద్దిపేట జిల్లా ములుగులోని అటవీ కళాశాలలో నాలుగేళ్ల బీఎస్సీ ఫారెస్ట్రీ కోర్సు ఉంది. ఆ మర్రినీడన బడికెళ్లే అమ్మాయిలకీ, రైతుకూలీల పిల్లలకీ ఈ సంగతి ఎవరైనా చెబితే... రేపు ఆ చెట్లకి సొంతూరి డాక్టర్లే దొరుకుతారు!