సంతకానికి సాక్షి ఎవరు?

కర్ణాటకలోని బాగేపల్లి తాలూకాఫీసు చుట్టుపక్కల కంప్యూటర్ సెంటర్లలో తరచూ వినిపించే మాట ఒకటుంది: "అన్నా, బ్యాంకోళ్ళు టిక్ ఉండాలంటున్నారు, టిక్ వచ్చేట్టు తీసియ్యి." డౌన్‌లోడ్ చేసిన ఈ-ఆధార్‌ని తెరిస్తే సంతకం ఉండాల్సిన చోట పసుపు రంగు ప్రశ్నార్థకం కనిపిస్తుంది. ఈ సంతకం చెల్లుతుందో లేదో తెలియదని పక్కనే ఇంగ్లీషులో రాసి ఉంటుంది. ఇంట్లో మాట్లాడేది తెలుగు, భూమి రికార్డు పహాణీ ఉండేది కన్నడంలో, హెచ్చరిక వచ్చేది ఇంగ్లీషులో. చిక్కబళ్ళాపురం, చింతామణి, బాగేపల్లి జనానికి రెండు మూడు భాషలతో నెట్టుకురావడం కొత్తేమీ కాదు. కానీ ఆ ప్రశ్నార్థకం అసలు ఏమడుగుతోందో వాళ్ళకు ఏ భాషలోనూ ఎవరూ విడమరిచి చెప్పలేదు. సెంటరు కుర్రాడు ఆ గుర్తు మీద రైట్ క్లిక్ కొట్టి, సర్టిఫికెట్ తెరిచి, 'దీన్ని నమ్ము' అన్నచోట నొక్కుతాడు. పసుపు పోయి పచ్చ టిక్ వస్తుంది. ప్రింటు చేతికొస్తుంది.

నిజానికి అక్కడ జరిగింది తనిఖీ కాదు. దస్తావేజు పట్టుకొచ్చిన మనిషినే సాక్షిగా నిలబెట్టి, అతను అవునన్నాడని రాసుకోవడం లాంటిది అది. నమ్మమని చెప్పిన సర్టిఫికెట్ ఆ ఫైల్లోంచే వచ్చింది. దొంగ ఫైలు తయారుచేసినవాడు అందులో తన సర్టిఫికెట్ పెట్టుకుని, దాని మీద ఏ పెద్ద కార్యాలయం పేరో రాసుకుంటే అడ్డుపడేదేమీ లేదు. అవే క్లిక్కులకు అదే పచ్చ టిక్ వస్తుంది. ఇక ప్రింటయిన టిక్ అయితే ఉత్త సిరా. కాగితం మీదికి వచ్చాక డిజిటల్ సంతకంలో ప్రాణం ఉండదు. తనిఖీ చేయాల్సిన అంకెలన్నీ ఫైల్లోనే ఉండిపోతాయి.

కుర్రాడిని తప్పుపట్టడానికి ఇదంతా చెప్పడం లేదు. యాభై ఏళ్ళ కిందట పుట్టిన ఒక గొప్ప ఆవిష్కరణ మన తాలూకా కేంద్రాల దాకా వచ్చింది గానీ, దాన్ని వాడే పద్ధతి దారిలోనే ఎక్కడో ఆగిపోయింది. అందుకే దాని కథ మొదటినుంచి చెప్పుకోవాలి.

1976లో అమెరికాలో విట్‌ఫీల్డ్ డిఫీ, మార్టిన్ హెల్‌మన్ ఒక వ్యాసం ప్రచురించారు. అప్పటిదాకా రహస్య లిపి అంటే ఇద్దరి దగ్గరా ఒకే కీ ఉండాలి. వీళ్ళు దాన్ని జంటగా చేయవచ్చన్నారు. ఒకటి రహస్యంగా దాచుకునేది, రెండోది లోకమంతా చూడగలిగేది. రహస్య కీతో చేసిన పనిని బహిరంగ కీతో ఎవరైనా సరిచూడవచ్చు, కానీ ఎవరూ దాన్ని కల్పించలేరు. అదే సంతకం. అయితే ఆ గుణమున్న లెక్క ఏదీ వాళ్ళ దగ్గర లేదు. మరుసటి ఏడాది ఎంఐటీలో రొనాల్డ్ రివెస్ట్, ఆది షమీర్, లెనార్డ్ ఏడల్‌మన్ దాన్ని పట్టుకున్నారు. ముగ్గురి ఇంటిపేర్ల మొదటి అక్షరాలే ఆర్‌ఎస్ఏ. బ్రిటిష్ గూఢచారి సంస్థలో క్లిఫర్డ్ కాక్స్ 1973లోనే అదే లెక్క కనిపెట్టాడని, అది ఫైళ్ళలో మగ్గిపోయిందని 1997లో బయటపడింది.

ఆ లెక్కను చిన్న అంకెలతో ఎవరైనా కాగితం మీద చేసి చూడవచ్చు. 3ని 11తో గుణిస్తే 33. ఇది అందరికీ తెలిసిన సంఖ్య. బహిరంగ కీ 3, రహస్య కీ 7. సంతకం చేయాల్సిన సందేశం 4 అనుకుందాం. 4ను 7 సార్లు వేసి గుణిస్తే 16,384. దాన్ని 33తో భాగిస్తే శేషం 16. ఆ 16 సంతకం. ఇప్పుడు సరిచూసేవాడు 16ను 3 సార్లు వేసి గుణిస్తాడు. 4,096 వస్తుంది. 33తో భాగిస్తే శేషం 4. సందేశం తిరిగొచ్చింది, కాబట్టి సంతకం సరైనది. 7 అనే అంకె అతనికి తెలియకుండానే, 7 తెలిసినవాడే ఈ పని చేశాడని తేలింది. 33ను 3, 11గా విడగొట్టడం పిల్లలకూ వచ్చు, అలా విడగొట్టినవాడు 7ను కూడా కనుక్కోగలడు. కానీ ఇప్పుడు వాడుకలో ఉన్న 2048 బిట్ల కీలో 33 స్థానంలో 617 అంకెల సంఖ్య ఉంటుంది. దాన్ని విడగొట్టే ఉపాయం నేటి కంప్యూటర్లకు లేదు.

మొత్తం ఫైలుకు ఈ గుణకారం చేయరు. ముందు ఫైలును హాష్ అనే లెక్కలో వేస్తారు. ఎస్‌హెచ్ఏ-256 అనే హాష్‌లో ఫైలు ఎంత పెద్దదైనా ఫలితం 256 బిట్లే, రాస్తే 64 అక్షరాలు. పహాణీలో రెండెకరాలను మూడెకరాలు చేస్తే ఆ 64 అక్షరాలూ గుర్తుపట్టలేనంతగా మారిపోతాయి. సంతకం పడేది ఆ హాష్ మీద. ఈ లెక్కలకూ ఆయుష్షుంది. రివెస్ట్ తయారుచేసిన ఎండీ5లో రెండు వేర్వేరు ఫైళ్ళకు ఒకే హాష్ తెప్పించవచ్చని 2004లో చైనా గణితవేత్త వాంగ్ షియావ్‌యున్ బృందం చూపించింది. దాని తర్వాతి తరం ఎస్‌హెచ్ఏ-1కి 2017లో అదే గతి పట్టింది. ఆ ఏడాది ఆమ్‌స్టర్‌డాం పరిశోధకులు, గూగుల్ కలిసి చూపించిన జంట ఫైళ్ళు రెండూ పీడీఎఫ్‌లే.

మన దేశం ఈ సంతకాన్ని తొందరగానే గుర్తించింది. 2000 అక్టోబరు 17న అమల్లోకి వచ్చిన ఐటీ చట్టం మూడో సెక్షన్‌లోనే జంట కీల పద్ధతి, హాష్ రెండూ ఉన్నాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే కర్ణాటకలో భూమి ప్రాజెక్టు నడుస్తోంది. ఐఏఎస్ అధికారి రాజీవ్ చావ్లా ఆధ్వర్యంలో 177 తాలూకా కేంద్రాల్లో 67 లక్షల మంది రైతుల దాదాపు 2 కోట్ల పహాణీలు కంప్యూటర్‌కెక్కాయి. అప్పటికి బాగేపల్లి, చింతామణి లాంటి మన తాలూకాలు కోలారు జిల్లాలోవి, చిక్కబళ్ళాపురం జిల్లా 2007లో వచ్చింది. అంతకుముందు పహాణీ కావాలంటే విలేజ్ అకౌంటెంట్ ఎక్కడున్నాడో వెతుక్కుంటూ పోవాలి, దొరికితే ఆయన చేతిరాతే సాక్ష్యం. భూమి వచ్చాక 15 రూపాయలకు తాలూకాఫీసులో ప్రింటు. అందులో నాకు అన్నిటికంటే నచ్చిన ఏర్పాటు వేలిముద్ర లాగిన్. రికార్డు మార్చిన అధికారి తర్వాత 'అది నేను చేయలేదు' అనడానికి వీల్లేదు. డిజిటల్ సంతకం ఇచ్చే హామీ కూడా సరిగ్గా ఇదే, దూరాన కూర్చున్న మనిషికి కూడా.

సంతకాన్ని ఫైలుకు అంటించకుండా పక్కన విడిగా పెట్టే అలవాటు సాఫ్ట్‌వేర్ లోకంలో పుట్టింది. 1991లో ఫిల్ జిమ్మర్‌మన్ పీజీపీ అనే రహస్య లిపి ప్రోగ్రాం ఉచితంగా వదిలాడు. దాని మీద అమెరికా ప్రభుత్వం 1996 దాకా విచారణ నడిపి చివరికి మానుకుంది. 1999లో జర్మనీ నుంచి వెర్నర్ కోచ్ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌గా అదే పని చేసే జీపీజీని తెచ్చాడు. ఈ పద్ధతిలో ప్రోగ్రాం ఒక ఫైలు, దాని సంతకం పక్కన మరో చిన్న ఫైలు. అసలు ఫైల్లో ఒక్క బైటు కూడా కదలదు, మొదటి బైటు నుంచి చివరి బైటు దాకా సంతకం కిందికే వస్తుంది. ఏ భాగం మీద సంతకం ఉంది, ఏ భాగం మీద లేదు అన్న సందేహానికి తావే లేదు. నా దృష్టిలో దీనంత శుభ్రమైన పద్ధతి ఇంకొకటి లేదు.

అయినా కీ ఎక్కడిదన్న ప్రశ్న పోదు. 2016 ఫిబ్రవరి 20న లినక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వెబ్‌సైట్‌లోకి దొంగలు చొరబడి, డౌన్‌లోడ్ లింకును విషం కలిపిన ఫైలు వైపు తిప్పారు. సైటే చేతిలో ఉన్నవాడికి పక్కనున్న హాష్‌ను మార్చడం ఎంతసేపు? సంతకాన్నీ మార్చగలడు, తన కీతో చేసి. అక్కడే ఇదీ మా కీ అని ఇంకొకటి పెట్టగలడు. కాబట్టి ఫైలు వచ్చిన దారిలోనే కీ కూడా రాకూడదు. జీపీజీలో సంతకం సరిపోగానే 'మంచి సంతకం' అన్న అర్థం వచ్చే మాట కనిపిస్తుంది, దాని కిందే ఈ కీ ఫలానావాళ్ళదని చెప్పే ఆధారం లేదన్న హెచ్చరిక ఉంటుంది. చాలామంది మొదటి వాక్యం చదివి ఆగిపోతారు. అసలు పని రెండో వాక్యంలో ఉంది. కీకి ఉండే 40 అక్షరాల గుర్తును మరో చోట, మరో రోజు, పాత పుస్తకంలోనో తెలిసినవాళ్ళ దగ్గరో దొరికినదానితో పోల్చాలి. చివరి 8 అక్షరాలు చూసి సరిపెట్టుకోవడం ఏమాత్రం సరిపోదు. 2016లోనే లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ కీ చివరి 8 అక్షరాలు అచ్చంగా కుదిరే దొంగ కీ ఒకటి కనిపించింది.

ఇప్పుడు మన పీడీఎఫ్ దగ్గరికి వద్దాం. సంతకం చేసిన పీడీఎఫ్‌ను నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే అర్థంకాని అక్షరాల మధ్య చాలావాటిలో 'బైట్‌రేంజ్' అన్న మాట, దాని పక్కన నాలుగు అంకెలు దొరుకుతాయి. ఎక్కడినుంచి ఎన్ని బైట్లు, మళ్ళీ ఎక్కడినుంచి ఎన్ని బైట్లు అని వాటి అర్థం. ఆ రెండు ముక్కల నడుమ ఒక ఖాళీ ఉంటుంది, సంతకం కూర్చునేది ఆ ఖాళీలో. అంటే ఇది కూడా విడి సంతకమే. ప్రమాణంలో ఆ రకం పేరులోనే 'డిటాచ్డ్' అని ఉంది. విడిగా పక్కన ఉండాల్సినదాన్ని ఫైలు కడుపులో చోటుచేసి దాచారు. సౌకర్యం కోసమే, ఒక్క ఫైలు పంపితే చాలు. కానీ ఆ సౌకర్యంతోనే చిక్కు వచ్చింది. ఆ నాలుగు అంకెలకు బయట ఏదైనా ఉంటే? పీడీఎఫ్‌కు చివర కొత్త పేజీలు, కొత్త అక్షరాలు అతికించే వీలుంది. సంతకం చేసిన భాగం చెక్కుచెదరదు, లెక్క సరిపోతుంది, తెర మీద మాత్రం వేరే సంగతి కనిపిస్తుంది. జర్మనీలోని బోహుమ్ రూర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2019లో ఇలాంటి ఉపాయాలు 22 డెస్క్‌టాప్ ప్రోగ్రాముల మీద ప్రయోగిస్తే 21 మోసపోయాయి. వాళ్ళు చూపించిన ఉదాహరణలో ఒక అంగడి బిల్లు లక్ష కోట్ల డాలర్లు వాపసు ఇస్తామనే పత్రంగా మారింది, సంతకం చెల్లుతుందన్న గుర్తుతో సహా. తర్వాత ఆ ప్రోగ్రాములను సరిదిద్దారు. కాబట్టి సెంటర్లలో ఏళ్ళనాటి పాత రీడర్ వాడటం చిన్న విషయం కాదు.

అన్నీ సరిగ్గా ఉన్నా కంచే చేను మేసిన సందర్భమూ ఉంది. 2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు ఎక్స్‌జెడ్ అనే చిన్న ప్రోగ్రాంలో దొంగ ద్వారం పట్టుకున్నాడు. లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందేమిటని తవ్వితే బయటపడింది. ఆ ఫైళ్ళ మీద సంతకం అసలుదే, కీ అసలుదే. సంతకం చేసినవాడే ద్రోహి, ఏళ్ళ తరబడి నమ్మకంగా పనిచేసి ఆ బాధ్యత సంపాదించుకున్నవాడు. సంతకం ఎవరు చేశారో చెబుతుంది, వాళ్ళ మనసులో ఏముందో చెప్పదు.

మన ఊళ్ళలో చేయగలిగిన పని మాత్రం చాలా ఉంది. భారతదేశపు డిజిటల్ సర్టిఫికెట్లన్నిటికీ మూలం సీసీఏ అనే ప్రభుత్వ కార్యాలయపు రూట్ సర్టిఫికెట్. దాన్ని వచ్చిన ఫైల్లోంచి కాకుండా, ఆ కార్యాలయం సైటు అడ్రసు సొంతంగా టైపు చేసి ఒక్కసారి తెచ్చుకోవాలి. దాని గుర్తును మరో ఫోన్లో, మరో నెట్‌వర్క్‌లో చూసి అక్షరం అక్షరం పోల్చుకుని కంప్యూటర్లో పెట్టుకోవాలి. ఇక ప్రతి ఫైలుకూ 'నమ్ము' అని నొక్కాల్సిన పని ఉండదు. అసలు సంతకాలకు టిక్ దానంతటదే వస్తుంది, దొంగవాటికి రాదు. ఆ తేడా కళ్ళకు కనబడటమే ఈ యంత్రం ఇచ్చే ఫలం.

కాగితం పుచ్చుకునే బ్యాంకులూ సొసైటీలూ చేయాల్సింది ఇంకా ఎక్కువ. ప్రింటు మీది టిక్ అడగడం మాని ఫైలే అడగాలి, తమ కంప్యూటర్లో తామే తెరవాలి. క్యూఆర్ గుర్తుల్లోనూ రెండు రకాలున్నాయని తెలుసుకోవాలి. ఒకటి స్కాన్ చేస్తే ఏదో వెబ్‌సైటుకు తీసుకెళ్తుంది, ఆ సైటు ఎవరిదో కాగితం అచ్చేసినవాడికే తెలుసు. రెండోది ఆధార్ క్యూఆర్ లాంటిది, పేరు, వివరాలతో పాటు వాటి మీద సంతకాన్నీ తనలోనే మోస్తుంది. అధికారిక యాప్ నెట్ లేకుండానే దాన్ని సరిచూస్తుంది. అచ్చుకాగితం మీద కూడా ప్రాణంతో ఉండే సంతకం ఇదొక్కటే. నా మాట అడిగితే, పహాణీ నుంచి ఆదాయ సర్టిఫికెట్ దాకా అన్నీ ఈ దారికి రావాలి.

ఒక సమస్య మాత్రం భూమి పత్రాలకే ప్రత్యేకం. మన దేశంలో సంతకం సర్టిఫికెట్‌కు గడువు మహా అయితే మూడేళ్ళు. భూమి వ్యాజ్యాలు తాతల నాడు మొదలై మనవళ్ళ దాకా నడుస్తాయి. ఇవాళ సంతకమైన పత్రం పాతికేళ్ళ తర్వాత కోర్టులో నిలబడాలంటే, గడువులోపలే సంతకం పడిందని చెప్పే కాలముద్ర దాని మీద ఉండాలి, హాష్ పాతబడే ముందే కొత్త ముద్ర పడాలి. పైగా పెద్ద క్వాంటం కంప్యూటర్ వస్తే ఆ 617 అంకెల సంఖ్యనూ విడగొట్టే లెక్కను పీటర్ షోర్ 1994లోనే ఇచ్చాడు. దానికి తట్టుకునే కొత్త సంతకాల ప్రమాణాలను అమెరికా సంస్థ నిస్ట్ 2024 ఆగస్టు 13న ప్రకటించింది. పాత సంతకం 256 బైట్లయితే, వాటిలో ఎంఎల్-డీఎస్ఏ అనేదాని మధ్య రకం 3,309 బైట్లు. క్యూఆర్‌లో పట్టేది ఎంత పెద్ద గుర్తయినా 2,953 బైట్లు.