కార్తీక మాసంలో కొండనడక – దారి తెలిసిన మనిషి ముందుండాలి



మొన్న రెండో శనివారం మన హాస్టల్ నుంచి 38 మందిమి కొండనడకకు వెళ్ళి వచ్చాం. పోయినేడు జరిగిన సంగతి తర్వాత ఇదే మొదటి నడక. రాని వాళ్ళు "ఏం చూశార్రా? రోజూ చూసే కొండే గదా!" అని నవ్వారు. నిజమే, రోజూ చూసే కొండే. కానీ తెలిసిన మనిషి వెంట నడిస్తే అదే కొండ వేరేగా కనబడుతుంది. ఎందుకో ఈ వ్యాసంలో రాస్తున్నాను. ఓపికగా చదవండి.

శరదృతువు అంటే ఆకులు రాలే కాలమా?

ఇంగ్లీషు పాఠంలో 'ఆటమ్' అనే మాట వచ్చినప్పుడు మనం 'ఆకురాలు కాలం' అని రాసుకున్నాం. అది చలిదేశాల సంగతి. అక్కడ సెప్టెంబరు నుంచి పగలు పొట్టిదవుతుంది, చలి పెరుగుతుంది. చెట్టు ఆకులోని పత్రహరితం విరిగిపోయి, అప్పటిదాకా దాని చాటున ఉన్న పసుపు రంగు బయటపడుతుంది. కొన్ని చెట్ల ఆకులు ఎర్రబడతాయి. తర్వాత రాలిపోతాయి.

మన దగ్గర ఆశ్వయుజం, కార్తీకం శరదృతువు. అప్పుడు ఆకులు రాలవు. వానలు కురిసి వెళ్ళిన కాలం కాబట్టి గడ్డి నడుము ఎత్తున ఉంటుంది, గెడ్డలు నిండా పారుతుంటాయి. మన చెట్లు ఆకులు రాల్చేది ఎక్కువగా శిశిరంలో, అంటే మాఘ ఫాల్గుణాల్లో. అది చలికి భయపడి కాదు. నేలలో తడి తగ్గుతుంది కాబట్టి, ఆకుల గుండా నీళ్ళు పోకుండా దాచుకోవడానికి. కాబట్టి పరీక్షలో 'ఆటమ్' అంటే ఆకురాలు కాలమని రాసినా, కిటికీలోంచి చూసి రాస్తే మాత్రం 'వలిసె పూసే కాలం' అని రాయాలి.

ఈ కాలంలో దారిలో ఏమేం కనబడతాయి?

మొదట మంచు. పొద్దున్న ఆరున్నరకు బయలుదేరేసరికి లోయ అంతా పాలు పోసినట్టు ఉంది. మేఘం లేని రాత్రి నేలలోని వేడి త్వరగా పైకి పోతుంది. చల్లబడిన గాలి బరువెక్కి కొండల మీంచి లోయలోకి దిగుతుంది. అక్కడున్న తేమ సన్నని చుక్కలై నిలబడిపోతుంది. అందుకే కొండ మీద ఊరికి ఎండ వచ్చినా కింద ఊరు కనపడదు. ఎండ ఎక్కితే మంచు విడిపోతుంది. మన అరకు లోయ సముద్రం కంటే సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది. ఒక కిలోమీటరు ఎత్తుకు దాదాపు 6 డిగ్రీల వేడి తగ్గుతుందని సైన్సు మాస్టారు చెప్పారు. విశాఖపట్నంలో చొక్కా చాలు, ఇక్కడ దుప్పటి కావాలి.

మంచు విడిపోయాక వలిసె చేలు. అరకు, పాడేరు వైపు వాలు భూములన్నీ పసుపు పచ్చగా ఉన్నాయి. వలిసె పొద్దుతిరుగుడు కుటుంబానికి చెందిన మొక్క. దీని పుట్టిల్లు ఆఫ్రికాలోని ఇథియోపియా అట! గింజలో మూడో వంతుకు పైగా నూనె ఉంటుంది. ఇంకో సంగతి. ఈ పూలు కాయకట్టాలంటే ఒక మొక్క పుప్పొడి ఇంకో మొక్కకు చేరాలి. ఆ పని తేనెటీగలే చేస్తాయి. అందుకే చేను గట్టున నిలబడితే గుయ్యిమని ఒకటే మోత. ఫోటోల కోసం చేలోకి దిగే వాళ్ళు ఒక్క నిమిషంలో ఎన్ని మొక్కలు తొక్కుతారో చూశాం. ఆ చేను ఒకరింటి నూనె, ఒకరింటి బట్టల డబ్బు. గట్టు మీంచే చూడాలి.

కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాయలు ఎర్రబడటం మొదలైంది. చెట్లకు మిరియాల తీగలు పాకి ఉన్నాయి. తోట అంచున రెండు చెట్ల మధ్య పసుపు, నలుపు రంగుల పెద్ద సాలీడు గూడు కట్టింది. ఎండలో ఆ దారం బంగారు రంగులో మెరిసింది. నడుమ కూర్చున్నది ఆడది. పక్కన చీమంత ఉన్నది మగది. మాలో ఒకడు కర్రతో గూడు తెంపబోతే తాత చెయ్యి పట్టుకుని, "దాని ఇల్లు అది. మన దారి ఇటుంది" అని పక్కనుంచి తీసుకెళ్ళాడు.

అన్నిటికంటే నాకు నచ్చింది తూనీగల సంగతి. గడ్డి మీద గుంపులుగా తిరిగే పసుపురంగు తూనీగలు మీరు చూసే ఉంటారు. ఇవి వాననీటి గుంటల్లో పుట్టి కొద్ది వారాల్లోనే రెక్కలు తెచ్చుకుంటాయి. గుంటలు ఎండే కాలానికి గాలివాటున ఎగిరిపోతాయి. అక్టోబరులో మాల్దీవులలో, ఆ తర్వాత ఆఫ్రికాలో ఇవి కనబడుతున్నాయనీ, మన దేశం నుంచే సముద్రం దాటి వెళ్తున్నాయనీ చార్లెస్ ఆండర్సన్ అనే శాస్త్రవేత్త 2009లో రాశారు. ఒక గ్రాము కూడా తూగని పురుగు సముద్రం దాటుతుంది! వలిసె ఆఫ్రికా నుంచి ఇటొచ్చింది, తూనీగ ఇటునుంచి అటు పోతోంది.

పోయినేడు జరిగిన సంగతి

ఇది రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. తప్పు మాదే కాబట్టి రాస్తున్నాను.

పోయినేడు అక్టోబరులో ఒక ఆదివారం ఆరుగురం ఎవరికీ చెప్పకుండా సీతాఫలాల కోసం గెడ్డ దాటి వెళ్ళాం. వెళ్ళేటప్పుడు నీళ్ళు చీలమండల దాకానే. ఆకాశం తెల్లగా ఉంది. గంటన్నర తర్వాత తిరిగి వస్తే గెడ్డ ఎర్రగా, నడుము లోతున పారుతోంది. మా మీద ఒక్క చినుకు కూడా పడలేదు. పై కొండల్లో ఎక్కడో కురిసింది. అందరిలో చిన్నవాడు "నేను దాటేస్తాను" అని దిగాడు. రెండో అడుగుకే జారిపోయాడు. ఒడ్డున నేరేడు చెట్టు వేరు చేతికి దొరకబట్టి బతికాడు. మేం లాగి పైకి తెచ్చేసరికి వాడి చేతులు వణుకుతున్నాయి, మావి కూడా.

అప్పుడు అవతలి ఒడ్డున పోడు నుంచి వస్తున్న ఒక తాత మమ్మల్ని చూశాడు. "దిగొద్దురా! కూకోండి! నేను సెప్పేదాకా లెగొద్దు!" అని కేక వేశాడు. రెండు గంటలు మమ్మల్ని అలాగే కూర్చోబెట్టి తాను కూడా అవతల కూర్చున్నాడు. చీకటి పడేవేళకు నీళ్ళు తగ్గాయి. కర్రతో లోతు చూసుకుంటూ వచ్చి ఒక్కొక్కరినీ దాటించాడు. హాస్టల్ గేటు దాకా వచ్చి అప్పగించి వెళ్ళాడు.

తర్వాత మన బయటి నడకలన్నీ ఆపేశారు. వార్డెన్ సారుది తప్పని నేను అనను. మా అమ్మానాన్నలకు ఆయనే కదా జవాబు చెప్పాలి! ఈ ఏడు సైన్సు మాస్టారు గూడెం వెళ్ళి, అదే తాతను అడిగి, దారి చూపడానికి ఒప్పించారు. అందువల్లే మొన్నటి నడక జరిగింది.

దారి చూపే మనిషి ఏం చేస్తాడు?

దారి చూపడమంటే ముందు నడవడమే అనుకున్నాను. కాదు. తాత గెడ్డ దగ్గర అందరినీ ఆపి మూడు గుర్తులు చెప్పాడు. తేట నీళ్ళు మట్టిరంగుకు తిరిగినా, ఎండుటాకులు పుల్లలు ఉన్నట్టుండి కొట్టుకొచ్చినా, గెడ్డ చప్పుడు మారినా పైన నీళ్ళు బయలుదేరాయని అర్థం. వెంటనే ఒడ్డెక్కాలి. దాటకూడదు. పోయినేడు ఈ మూడూ మా కళ్ళ ముందే ఉన్నాయి. మాకు చదవడం రాలేదు, అంతే.

దూలగొండి తీగ పక్కనుంచి తప్పించాడు. దాని కాయ మీది నూగు ఒంటికి తగిలితే దురద భరించలేం. తగిలితే గోకకుండా నీళ్ళతో కడుక్కోవాలి. సామ చేను దగ్గర ఒక పిల్ల కంకి తుంచబోతే వద్దన్నాడు. ఆ ఊళ్ళో ఇంకా కొత్త పండుగ చెయ్యలేదట. కొత్త పెట్టకముందు ఆ ఇంటివాళ్ళే గింజ నోట్లో పెట్టుకోరు, మనం ఎలా తుంచుతాం? ఈ సంగతి ఏ పటంలోనూ ఉండదు, ఊరి మనిషికే తెలుస్తుంది.

నడకకు వెళ్ళేవారు పాటించవలసినవి

1. ముందు దారి తెలిసిన పెద్దమనిషి, చివర మాస్టారు ఉండాలి. ముందున్న వారిని దాటకూడదు, వెనకున్న వారి కంటే వెనకబడకూడదు.

2. పదిమందికి ఒక పెద్ద తరగతి అన్న లేదా అక్క. గెడ్డకు ముందు, గెడ్డ తర్వాత, ప్రతి మలుపులో తలలు లెక్కపెట్టాలి.

3. వెనక్కి తిరిగే వేళ బయలుదేరే ముందే నిర్ణయించుకోవాలి. అనుకున్న చోటు రాకపోయినా ఆ వేళకు తిరిగిపోవాలి. నవంబరులో మన వైపు సాయంత్రం 5.30 కాకముందే పొద్దు గుంకుతుంది. కొండ చాటున ఇంకా ముందే చీకటి.

4. అక్టోబరు, నవంబరు తుఫానుల నెలలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను మన కాఫీ తోటల్లో ఎన్ని చెట్లు కూల్చిందో ఇంట్లో అడగండి. రేడియోలో హెచ్చరిక ఉంటే నడక లేదు.

5. నిండు చేతుల చొక్కా, పొడుగు ప్యాంటు, బూట్లు వేసుకోవాలి. గడ్డిలో కూర్చోకూడదు, పడుకోకూడదు. ఈ కాలంలో గడ్డిలో ఉండే కంటికి కనపడని నల్లులు కుట్టి స్క్రబ్ టైఫస్ జ్వరం రావచ్చు. ఒకటి నుంచి మూడు వారాల లోపల జ్వరం వస్తే, ఒంటి మీద నల్లటి పొక్కు ఉంటే, "గడ్డిలో తిరిగాను" అని డాక్టరుకు చెప్పాలి. దీనికి మందు ఉంది. ఆలస్యం చేస్తేనే ప్రమాదం.

6. తేనెపట్టు కనబడితే రాయి వెయ్యకూడదు, అరవకూడదు. పాము కరిస్తే కోయడం, గట్టిగా కట్టడం చెయ్యకుండా, కదలనివ్వకుండా మోసుకుని ఆసుపత్రికి వెళ్ళాలి.

పేర్ల పుస్తకం

నడకలో ఒక నోటుబుక్కు తీసుకెళ్ళాం. చెట్టు కనబడితే తాత తన భాషలో పేరు చెప్పేవాడు. మాలో తెలిసిన వాళ్ళు తెలుగు పేరు, మాస్టారు పుస్తకం పేరు చెప్పేవారు. మూడు వరుసల్లో రాశాం. సాయంత్రం చూసుకుంటే సగానికి పైగా చెట్లకు తాత వరుస ఒక్కటే నిండింది. మిగతా రెండూ ఖాళీ. మాలో ఆ భాష ఇంట్లో మాట్లాడేవాళ్ళు ఉన్నారు. వాళ్ళకూ తెలియలేదు. ఐదేళ్ళప్పుడు హాస్టల్లో చేరాం. సెలవులకు ఇంటికి వెళ్ళినా చెట్ల పేర్లు ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. నడుస్తుంటేనే చెబుతారు. మనం నడవడం మానేశాం, పేర్లు ఆగిపోయాయి.

తాతను ఎందుకు బాధపడుతున్నావని అడిగితే, "బాధేటి? అడిగినోళ్ళు లేక సెప్పలేదు. అడిగారు, సెప్పాను" అన్నాడు.

మనవి

వార్డెన్ సార్! కార్తీకం వెళ్ళేలోగా ఇంకొక్క నడకకు, వచ్చే ఏడు నుంచి ప్రతి శరదృతువులో రెండు నడకలకు అనుమతి ఇవ్వవలసిందిగా కోరుతున్నాం. పై ఆరు నియమాలకు మేమంతా సంతకాలు పెడతాం. చెప్పకుండా వెళ్ళిన ఆరుగురం మొదట పెడతాం.

మిత్రులారా! దసరా, సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు మీ తాతతోనో, అమ్మమ్మతోనో పోడు దాకా నడవండి. పది పేర్లు రాసుకుని రండి. పేర్ల పుస్తకం ఈ గోడ పక్కనే మేకుకు వేలాడుతోంది. పెన్సిలు కూడా కట్టాం. ఖాళీ వరుసలు చాలా ఉన్నాయి.

– 9వ తరగతి విద్యార్థి