ఇంజనుకు జ్వరం, మా మీటరు చెప్పిన అబద్ధం

వార్షికోత్సవ సంచికకు ఏదైనా సైన్సు వ్యాసం రాయమని వార్డెన్ గారు అడిగారు. మేము ముగ్గురం పదో తరగతి వరకు ఈ హాస్టల్లోనే ట్రంకుపెట్టెలు పక్కపక్కన పెట్టుకుని చదివినవాళ్లం. తర్వాత ఒకే ఇంజనీరింగ్ కాలేజీలో చేరి, అక్కడి విద్యార్థులు తయారుచేసిన చిన్న రేసు కారుకు వైరింగ్ చేశాము. ఆ పనిలో తప్పు చేసి నేర్చుకున్నది తమ్ముళ్ల కోసం రాస్తున్నాము.

కారు అంటే సినిమాల్లో చూసేది కాదు. ఇనుప గొట్టాలు వెల్డింగ్ చేసిన చట్రం, డ్రైవరు వెనక మోటారు సైకిల్ ఇంజను, అంతే. మాది 373 సి.సి. కె.టి.ఎం. డ్యూక్ ఇంజను, సెకండ్ హ్యాండ్‌ది. టీములో అందరం తలా కొంత వేసి కొన్నాము. మాలో ఒకడు ఆ నెల స్కాలర్‌షిప్ డబ్బు ఇంటికి పంపలేదు. ఇంజను పోతే మళ్లీ కొనే మాటే లేదు.

బైకుకైతే రేడియేటర్ ముందు చక్రం వెనకే ఉంటుంది, పోతుంటే గాలి నేరుగా తగులుతుంది. మా కారులో అది పక్కన ఒక మూలకు పోయింది. లాగాల్సిన బరువేమో పెరిగింది. పైగా ఇలాంటి విద్యార్థి పోటీల్లో కూలెంట్ పోయనివ్వరు. ట్రాక్ మీద కారితే వెనక వచ్చేవాళ్లు జారిపోతారని మామూలు నీళ్లే పోయమంటారు. అందుకే వేడి చూపే మీటరు, చల్లార్చే ఫ్యాను రెండూ తప్పనిసరి.

మీటరు సంగతి ముందు చెబుతాము. నీళ్లలో మునిగి ఉండే సెన్సర్‌కు వేడి పెరిగేకొద్దీ నిరోధం తగ్గుతుంది. మాది 60 డిగ్రీల దగ్గర సుమారు 130 ఓములు, 90 దగ్గర 50, నీళ్లు మరిగేటప్పుడు 40 లోపు. ఈ లెక్క కోసం సెలవుల్లో మన హాస్టల్ వంటగదికే వచ్చాము. సెన్సర్‌ను తీగతో గిన్నెలోకి వేలాడదీసి, పక్కన థర్మామీటరు పెట్టి, మల్టీమీటరుతో కొలిచాము. "పప్పుకు ఎసరు పెట్టాలి, ఇంకెంతసేపురా?" అని వంట చేసే అక్క కసురుకుంటూనే పొయ్యి ఇచ్చింది. ఇంజనుకు తనదైన సెన్సర్ ఒకటి ఉంటుంది. పెట్రోలు ఎంత పోయాలో ఇంజను కంప్యూటర్ దాన్ని చూసే నిర్ణయిస్తుంది. మీటరు కోసం ఆ తీగను తాకకూడదు. వేరే సెన్సర్ పెట్టుకోవాలి.

మొదటి రోజు కాలేజీ గ్రౌండులో నాలుగు రౌండ్లు వేసి కారు ఆపాము. మీటరు 80 చూపిస్తోంది. "బాగానే ఉంది" అనుకుంటుండగానే ఓవర్‌ఫ్లో పైపులోంచి బుస్సుమని ఆవిరి! వెంటనే ఇంజను ఆపాము. ఒకడు రేడియేటర్ మూత మీద చెయ్యి వేయబోతే వెనక్కి లాగాము. వేడి మీద ఆ మూత తీస్తే మరిగే నీళ్లు ముఖాన పడతాయి.

తప్పు మాదే. ఆ సెన్సర్‌కు ఒకటే తీగ. రెండో దారి దాని మర ద్వారా ఇంజను లోహంలోకి, అక్కడినుంచి బ్యాటరీ మైనస్‌కు. నీళ్లు కారకుండా మర చుట్టూ ప్లంబర్లు చుట్టే తెల్ల టేపు దట్టంగా చుట్టాము. అది కరెంటును కూడా సరిగ్గా పోనివ్వలేదు. కొలిచి చూస్తే 30 ఓములు అదనం. 38కి 30 కలిస్తే 68. మీటరుకు అది 80 డిగ్రీల లెక్క! టేపు తీసేసి రాగి వాషరు వేశాము. సెన్సర్ ఒంటికీ బ్యాటరీ మైనస్‌కూ మధ్య మల్టీమీటరు దాదాపు సున్నా చూపేవరకు వదల్లేదు.

ఇక ఫ్యాను. 12 వోల్టుల మీద 80 వాట్లు, అంటే దాదాపు 7 ఆంపియర్లు. తిరగడం మొదలుపెట్టే క్షణంలో ఇంకా ఎక్కువ. రేడియేటర్‌లో పెట్టే చిన్న వేడి స్విచ్ దాన్ని నేరుగా మోస్తే కొన్నాళ్లకు కాలిపోతుంది. మన బోరు మోటారు స్టార్టర్ గుర్తుందా? పచ్చ బటన్ చిన్నదే, లోపల కాయిల్ 'ఠక్' మని పెద్ద కరెంటును కలుపుతుంది. రిలే కూడా అంతే. దాని 30 నంబరు కాలుకు బ్యాటరీ నుంచి 15 ఆంపియర్ల ఫ్యూజు ద్వారా తీగ, 87 నుంచి ఫ్యానుకు. 86కు తాళం స్విచ్ నుంచి, 85 నుంచి వేడి స్విచ్ ద్వారా మైనస్‌కు. ఫ్యూజు బ్యాటరీ పక్కనే ఉండాలి. దూరంగా పెడితే మధ్యలో తీగ ఎక్కడ ఒరిసినా కాపాడేది ఏదీ ఉండదు.

అన్నీ కలిపాక ఫ్యాను తిరిగింది, కానీ నీళ్లు చల్లారడం లేదు. నోటుపుస్తకంలోంచి కాగితం చింపి రేడియేటర్ ముందు పట్టుకుంటే, అతుక్కోవలసింది పోయి ఎగిరిపోయింది. ఫ్యాను తీగలు రెండూ తారుమారు! ఎదురొచ్చే గాలిని అదే తోసేస్తోంది. మార్చి కలిపాము. ఇంజను ఆన్‌లోనే ఉంచి మీటరు చూస్తూ నిలబడ్డాము. 90 దాటింది, 95 వచ్చింది, 'ఠక్' మంది, కాగితం రేడియేటర్‌కు అతుక్కుంది. ముల్లు మెల్లగా వెనక్కి దిగింది.

పాత రిలే, ఆ సెన్సర్ స్టడీ రూము బీరువాలో ఇచ్చి వెళ్తున్నాము. విప్పి చూడండి. మల్టీమీటరు వార్డెన్ గారి దగ్గరుంది.