అరేంజర్ కీబోర్డుల వైఫల్యం

అరేంజర్ కీబోర్డు అనేది ఒక్క వాద్యకారునికి ఒక చిన్న వాద్యబృందం తోడున్నట్లు పలికే ఎలక్ట్రానిక్ వాద్యం. వాద్యకారుడు కుడిచేతితో పాట వరుసను వాయిస్తూ, ఎడమచేతితో మూడు నాలుగు మెట్లను కలిపి నొక్కుతాడు. ఈ స్వరాల కలయికను కార్డ్ అంటారు. పరికరం దానిని గుర్తించి, తగిన విధంగా డ్రమ్స్, బేస్, గిటార్ వంటి పక్కవాద్యాలను తానే వినిపిస్తుంది. వీటిలో ఖరీదైన రకాలను పెళ్ళిళ్ళలోనూ, హోటళ్ళలోనూ, వేదికలపైనూ వాయించి జీవించేవారి కోసం తయారుచేస్తారు. శబ్ద నాణ్యతలో మేటి అనిపించుకొన్న కొన్ని నమూనాలు కూడా వీరి ఆదరణను పొందలేకపోయాయి. దీనికి కారణం చాలావరకు శబ్దంలో కాక, ఆ పరికరాన్ని నమ్ముకొని వేదిక ఎక్కవచ్చునా అన్న విషయంలో ఉన్నది.

చరిత్ర

తాళాన్ని, పక్కవాద్యాన్ని తనంతట తానే వినిపించే సౌకర్యం 1970లలో ఇళ్ళలో వాడే ఎలక్ట్రానిక్ ఆర్గాన్‌లలోనే ఉండేది. 1988లో వచ్చిన రోలాండ్ ఇ-20, 1993లో వచ్చిన కోర్గ్ ఐ3 దీనిని వృత్తి కళాకారుల స్థాయికి తెచ్చాయి. యమహా సంస్థ 2002లో టైరోస్‌ను, 2017లో జెనోస్‌ను విడుదల చేసింది. జపాను సంస్థలతో పాటు ఇటలీ సంస్థలకు కూడా ఈ రంగంలో ముఖ్యమైన స్థానం ఉన్నది. అకార్డియన్ల తయారీకి పేరొందిన మార్కె ప్రాంతంలోనే కెట్రాన్ సంస్థ కూడా ఉండటం గమనించదగినది. అకార్డియన్‌లోనూ ఎడమచేతి మీటలు కార్డ్‌లను పలికిస్తాయి.

వేదికపై ఇబ్బందులు

పక్కవాద్యాల నమూనాను స్టైలు అంటారు. పాట ఎత్తుగడకు ఇంట్రో, నడకకు కొన్ని వేరియేషన్లు, పల్లవికీ చరణానికీ మధ్య ఫిల్, ముగింపుకు ఎండింగ్ అందులో ఉంటాయి. వీటిని పాట ఆగకుండా మీటలతో మార్చాలి. రెండు చేతులూ మెట్లపై ఉన్నప్పుడు ఇందుకు దొరికే వ్యవధి ఒక దరువు పాటి మాత్రమే. కనుక ఏ మీట ఎక్కడుందో కంటికి కాక వేళ్ళకు తెలియాలి. మీటలను తగ్గించి, అన్నింటినీ టచ్ స్క్రీనులోని పుటల్లో దాచిన నమూనా దుకాణంలో చూడటానికి ముచ్చటగా ఉంటుంది. వేదికపై చీకటిలో అదే భారమవుతుంది. ఎంతో ఆదరణ పొందిన జెనోస్‌కు సైతం ఇటువంటి విమర్శ తప్పలేదు. పాట పేరుతో వెతికితే తగిన స్టైలును, వేగాన్ని అందించే మ్యూజిక్ ఫైండర్‌ను అందులో తొలగించి, దాని స్థానంలో ప్లేలిస్ట్‌ను పెట్టారు. ఏళ్ళ తరబడి పాత పద్ధతికి అలవాటుపడినవారికి ఇది రుచించలేదు.

సాఫ్ట్‌వేర్ పూర్తి కాకముందే పరికరాన్ని అమ్మకానికి పెట్టి, మిగిలిన సౌకర్యాలను తరువాత అందిస్తామనడం మరింత హానికరం. మానవ బృందంలో గిటారు తీగ తెగినా తబలా ఆగదు. అరేంజర్ ఒక్కసారి నిలిచిపోతే బృందమంతా ఒకేసారి మూగబోతుంది. ఆ రాత్రి పారితోషికం, తరువాతి పిలుపు కూడా దానిపైనే ఆధారపడి ఉంటాయి.

కూడబెట్టిన పని

వృత్తి కళాకారుని అసలు ఆస్తి కీబోర్డు కాదు, అందులో అతడు భద్రపరచుకొన్న పాటల సరంజామా. ఒక్కొక్క పాటకు స్టైలు, వేగం, శ్రుతి, వాద్యధ్వనులు ఎంచి దాచుకోవలసి ఉంటుంది. కొన్ని వందల పాటలకు ఇలా చేయడానికి ఏళ్ళు పడుతుంది. ఒక సంస్థ స్టైలు ఫైళ్ళు మరొక సంస్థ కీబోర్డులో సాధారణంగా నేరుగా పనిచేయవు. మార్పిడి సాఫ్ట్‌వేర్లు ఉన్నా, ఒక్కొక్కదానినీ చేతితో సరిదిద్దుకోక తప్పదు. అందువలన ఎంత మంచి కొత్త కీబోర్డు వచ్చినా, పాత ఫైళ్ళను చదవలేనిదైతే దాని వైపు చూసేవారు తక్కువ. తన పాత స్టైళ్ళను కొత్త నమూనాలలోనూ పనిచేయించడం యమహా విజయానికి ఒక కారణమని చెప్పవచ్చును.

సంస్థ మూతబడితే నష్టం ఇంకా ఎక్కువ. టెక్నిక్స్ కె.ఎన్. శ్రేణి 2002లో వచ్చిన కె.ఎన్.7000తో ఆగిపోయింది. ఇటలీకి చెందిన జనరల్ మ్యూజిక్ సంస్థ 2009లో దివాలా తీసింది. ఈ రెండింటి వాద్యాలకూ మంచి పేరే ఉండేది.

భారతీయ సంగీతంతో పొసగని అంశాలు

స్టైళ్ళు చాలావరకు మూడు, నాలుగు, ఆరు దరువుల పాశ్చాత్య లయలపై ఆధారపడినవి. ఏడు అక్షరాల మిశ్రచాపు, ఐదు అక్షరాల ఖండచాపు కావాలంటే వాద్యకారుడు తానే తయారుచేసుకోవాలి. రాగానికి కార్డ్‌ల మార్పు సహజం కాదు. గమకాన్ని పిచ్ బెండ్ చక్రంతో పలికించడానికి ఒక చెయ్యి కావాలి. ఆ చెయ్యి ఎడమవైపు కార్డ్‌లు పట్టుకొని ఉంటుంది. యమహా సంస్థ పి.ఎస్.ఆర్-ఐ500 వంటి నమూనాలను భారతీయ వాద్యధ్వనులు, లయలతో మన దేశం కోసం ప్రత్యేకంగా విడుదల చేసింది.

తెలుగునాట ఆర్కెస్ట్రాలలో మరొక చిక్కు ఉన్నది. శ్రోతలు సినిమా పాటను, మధ్యలో వచ్చే వాద్యగోష్ఠితో సహా, రికార్డులో విన్నట్లే వినగోరుతారు. ఏ పాటకైనా సరిపోయే స్టైలు ఏ ఒక్క పాటకూ పూర్తిగా సరిపోదు. కాబట్టి లయను తబలా, రిథమ్ ప్యాడ్ కళాకారులకు వదలి, అరేంజర్‌ను కేవలం వాద్యధ్వనుల కోసం వాడటం కద్దు.

పాత నమూనాల వాడకం

ఈ కారణాలన్నింటి వలన పాత కీబోర్డులు చాలాకాలం వాడుకలో ఉంటాయి. ఫ్లాపీలు దొరకడం కష్టమైన తరువాత, ఫ్లాపీ డ్రైవును తీసివేసి, దాని స్థానంలో యు.ఎస్.బి. పరికరాన్ని అమర్చుకొని వాయిస్తున్నవారు ఉన్నారు.