టీ ఒకటా, రెండా?

నారాయణఖేడ్‌లో ఒక యింట్లో ఆ సాయంత్రం చిన్న పంచాయితీ పడింది. ఏడవ తరగతి పిల్లవాడు ఆర్యభటుని గురించి ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు వ్రాయాలి. మొదటి మాట దగ్గరే కలం ఆగింది.

"బాపూ, టీ ఒకటి పెట్టాల్నా, రెండు పెట్టాల్నా?"

"రెండు పెట్టు. భట్టు గదా!" అన్నాడు తండ్రి, పత్రికలోంచి తల ఎత్తకుండానే.

"రెండెవరికి? ఎవరన్న వచ్చిన్రా?" అని వంటింట్లోంచి తల్లి కేక వేసింది.

నవ్వుకోదగినదే గాని, యీ తగువు ఆ యింటిది మాత్రమే కాదు. 1975 ఏప్రిల్ 19న సోవియట్ రాకెట్టు మీద వెళ్ళిన మన తొలి ఉపగ్రహం పేరులో టీ ఒక్కటే. నైనిటాల్‌లోని ఖగోళ పరిశోధనా సంస్థ పేరులో రెండు. పెద్దల సంగతే యిలా వుంటే పిల్లవాణ్ణి ఏమనగలం?

ఒకప్పుడు పంతులుగా పనిచేసిన తాత పడక్కుర్చీలోంచి లేచి కూర్చున్నాడు. "ఆయన పేరు ఆయన్నే అడుగుదాం" అన్నాడు.

ఆర్యభటుడు తన ఆర్యభటీయంలో తన పేరు తానే చెప్పుకున్నాడు. మాత్రలు లెక్కపెట్టి కట్టిన శ్లోకమది. "భట" అన్నప్పుడు భకారం లఘువు. "భట్ట" అంటే అదే గురువై ఒక మాత్ర పెరుగుతుంది, శ్లోకం కుంటుతుంది. ఆయన్ను తీవ్రంగా విమర్శించిన బ్రహ్మగుప్తుడు సైతం "ఆర్యభట" అనే వ్రాశాడు. బొంబాయి పండితుడు భావూ దాజీ 1865లోనే యీ సంగతి ఇంగ్లీషులో విప్పి చెప్పాడు. భటుడంటే సైనికుడు, భట్టంటే పండితుడు. అంతటి పండితునికి భట్టు అనే పేరే తగునని లోకం ఒక టకారాన్ని అదనంగా ఇచ్చినట్లున్నది!

టీ ఒకటే అని తేలింది. మనవడు గబగబా రెండు వాక్యాలు వ్రాశాడు. "ఆర్యభట వజ్ బార్న్ ఇన్ 476." "ఆర్యభట వజ్ లాంచ్డ్ ఇన్ 1975."

రెండూ తప్పు కావు. కలియుగంలో 3600 ఏండ్లు గడిచేసరికి తనకు 23 ఏండ్లని ఆర్యభటుడే చెప్పాడు. ఆ లెక్కన అది క్రీస్తుశకం 499, పుట్టినది 476. కాని వరసగా చదివితే పుట్టిన మనిషినే పదిహేను వందల ఏండ్ల తరువాత ఆకాశంలోకి పంపినట్లు లేదూ? మన తెలుగులో "ఆర్యభటుడు పుట్టాడు", "ఆర్యభట ఎగిరింది" అంటే చాలు, మనిషెవరో, యంత్రమేదో తెలిసిపోతుంది. ఇంగ్లీషులో ఆ "డు" రాలిపోతుంది కనుక తరువాతి వాక్యంలో ఒకరికి "హీ", మరొకదానికి "ఇట్" తగిలించాలి. పదో శతాబ్దంలో మరొక ఆర్యభటుడు వున్నాడు. అందుకే ఇంగ్లీషు పుస్తకాలు మన ఆర్యభటుణ్ణి "ది ఫస్ట్" అంటాయి.

ఇక, ఏ ఊరివాడు? గ్రంథంలో ఆయన పేర్కొన్నది కుసుమపురం, అంటే పాట్నా. అయితే కేరళ పండితుడు నీలకంఠ సోమయాజి, ఆయన అశ్మక దేశంలో పుట్టాడని వ్రాశాడు. అశ్మకం గోదావరి సీమ. దాని రాజధాని నేటి బోధన్ అని పలువురు చరిత్రకారుల మాట. నారాయణఖేడ్ సీమను చుట్టుకొని పారే మంజీర బోధన్ వైపు సాగి, కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది.

"అయితే మన దిక్కువాడే!" అని పిల్లవాడు ఎగిరి గంతేసి, "హీ వజ్ ఫ్రమ్ అవర్ సైడ్" అని వ్రాయబోయాడు.

తాత చేయి పట్టుకున్నాడు. "ఆగు బిడ్డా. అది కాదనేటోళ్ళు గూడ ఉన్నరు. ముందు 'ఇట్ ఈజ్ సెడ్' అని పెట్టు. ఊరి సంగతి తెలిసినంతే చెప్పాలె. పేరు మాత్రం ఆయన చెప్పినట్లే రాయాలె."

పిల్లవాడు అలాగే వ్రాశాడు. ఇంతలో తల్లి టీ తెచ్చింది. కప్పులు మాత్రం రెండు.