ముందు అద్దం మీద ఎవరి ముద్ర?

కారు కంపెనీలు ముందు అద్దాలు తయారు చేయవు. ఒకప్పుడు ఫోర్డ్‌కు సొంత గాజు కర్మాగారాలు ఉండేవి, తర్వాత అదీ ఆ పని నుంచి తప్పుకుంది. ఈవేళ మన రోడ్ల మీద తిరిగే కార్లలో చాలావాటి అద్దాలు అసాహీ ఇండియా, సెయింట్ గోబైన్ సెక్యురిట్ వంటి గాజు కంపెనీల నుంచి వచ్చినవే. హైవే మీద ముందు పోయే లారీ చక్రం కింద నుంచి లేచిన కంకర రాయి తగిలి అద్దం బీటవారితే, వర్క్‌షాపులో మొదట వినపడే ప్రశ్న "కంపెనీది వేయమంటారా, బయటిదా?" అని. ఆ ప్రశ్నలోనే తిరకాసు ఉంది. అక్కడున్నవి రెండు రకాలు కావు, మూడు. కారు కంపెనీ ముద్రతో షోరూం పెట్టెలో వచ్చేది ఒకటి. అదే అద్దాన్ని చేసిన గాజు కంపెనీ తన సొంత ముద్రతో బజారుకు పంపేది రెండోది. ఆ కారుతో ఏనాడూ సంబంధం లేని మరో తయారీదారు అసలు అద్దాన్ని కొలిచి, దాన్నిబట్టి అచ్చు కట్టుకుని చేసేది మూడోది. రెండో రకాన్నీ మూడో రకాన్నీ ఒకే గాటన కట్టేసి "లోకల్" అనడంతో కొనేవాడు భయపడి ఎక్కువ పెడతాడు, లేదంటే తెగించి తక్కువలో పోతాడు. ఏది వేయించుకోవాలో ముద్రను బట్టి తేలదనీ, మీ కారులో ఆ అద్దం ఎన్ని పనులు చేస్తోందన్న దాన్ని బట్టి తేలుతుందనీ నా వాదన. ఆ పనులేమో ఒక్కొక్కటిగా నూరేళ్లలో వచ్చి చేరాయి.

మొదట్లో దానిది ఒకటే పని, గాలినీ దుమ్మునూ ఆపడం. అందుకు మామూలు కిటికీ గాజే సరిపోయేది. గుద్దుకున్నప్పుడు మాత్రం ఆ పెచ్చులే ముఖాలనూ మెడలనూ చీరేసేవి. 1903లో ఫ్రాన్సులో ఎదువార్ బెనెదిక్తుస్ అనే రసాయన శాస్త్రజ్ఞుడి ప్రయోగశాలలో ఒక గాజు కుప్పె కిందపడి, పగుళ్లు బారిందే గానీ ముక్కలుగా చెదరలేదట. లోపల ఎప్పుడో ఆరిపోయిన సెల్యులోజ్ నైట్రేట్ పొర ఆ ముక్కలను పట్టి ఉంచింది. ఇలాంటి ఆవిష్కరణ కథలకు చెప్పేకొద్దీ మెరుగు పెరుగుతుంది గానీ, 1909లో ఆయన తీసుకున్న పేటెంటులో మెరుగులేమీ లేవు. రెండు గాజు పలకల నడుమ ఒక పొర, దాని పేరు ట్రిప్లెక్స్. ఖరీదు చూసి కార్లవాళ్లు వెనకాడారు. మొదటి ప్రపంచ యుద్ధం దానికి విషవాయు ముసుగుల్లో పని కల్పించింది. 1927లో ఫోర్డ్ మోడల్ ఏ వచ్చాక గానీ మామూలు జనం కొనగలిగే కారుకు అది దక్కలేదు. తొలినాటి ఆ పొర ఎండకు పసుపెక్కిపోయేది. 1930ల చివర్లో పాలీవినైల్ బ్యూటిరాల్, వాడుకలో పీవీబీ, దాని స్థానంలోకి వచ్చింది. ఇప్పటికీ మన కార్లలో ఉన్నది అదే. 1960ల మధ్యలో అమెరికాలో ఆ పొర మందాన్ని 0.38 మిల్లీమీటర్ల నుంచి 0.76కు పెంచారు. తల బలంగా గుద్దుకున్నా పొర సాగుతుందే తప్ప చిరగదు. మనిషిని కారులోనే ఆపడం అద్దానికి రెండో పని అయింది. యూరప్‌లోనూ మన దగ్గరా చాలాకాలం వాడిన టెంపర్డ్ అద్దం దెబ్బ తగలగానే మొత్తం చిన్న చిన్న ముక్కలుగా పగిలి, ఎదుటి రోడ్డును క్షణంలో మాయం చేసేది. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు ముందు అద్దానికి ఈ నడిమి పొర ఉన్న లామినేటెడ్ గాజునే తప్పనిసరి చేయడంతో ఆ బెడద తీరింది.

ఈ రెండు పనుల వరకు చూస్తే మంచి బయటి అద్దానికీ షోరూం అద్దానికీ మధ్య చెప్పుకోదగ్గ తేడా ఉండాల్సిన అవసరం లేదు. కారణం, ఆ పనులను కొలిచే పరీక్షలు అందరికీ ఒకటే. యూరప్ నిబంధన ప్రకారం లామినేటెడ్ అద్దం మీద 2.26 కిలోల ఉక్కు బంతిని 4 మీటర్ల ఎత్తు నుంచి వదులుతారు. అయిదు సెకన్లలోపు బంతి అవతలికి దిగకూడదు. మన దేశంలో వాహనాల భద్రతా గాజుకు ఐఎస్ 2553 రెండో భాగం ప్రమాణం, ముందు అద్దం గుండా కనీసం 70 శాతం వెలుతురు రావాలన్నది చట్టం. ముడిసరుకులోనూ రహస్యమేమీ లేదు. 1959లో ఇంగ్లండులోని పిల్కింగ్టన్ కంపెనీ ప్రకటించిన పద్ధతిలో, కరిగిన తగరం మీద గాజును తేలనిచ్చి చదునైన పలకలు తీయడం ప్రపంచమంతటికీ తెలిసిన విద్యే.

తేడా వచ్చేది వంపులో. రెండు పలకలను జోడీగా చట్రం మీద పరిచి 600 డిగ్రీల సెల్సియస్ పైచిలుకు వేడి కొలిమిలోంచి పంపుతారు. మెత్తబడిన గాజు తన బరువుకు తానే కుంగి, చట్రం చెప్పిన వంపు తిరుగుతుంది. కొన్ని కార్లకు పై అచ్చుతో నొక్కుతారు కూడా. తర్వాత నడుమ పీవీబీ పేర్చి, వేడిమీ ఒత్తిడీ పెట్టి అతికిస్తారు. చట్రం అంచును మాత్రమే శాసిస్తుంది. నడిమధ్య ఎంత కుంగాలన్నది కొలిమి వేడిని దిద్దుకునే నేర్పు మీద ఆధారపడుతుంది. కారు కంపెనీ గీసిచ్చిన డ్రాయింగు చేతిలో ఉన్నవాడికి నడిమధ్య వంపు ఎంతో, ఎంత తేడా దాకా చెల్లుతుందో తెలుసు. అద్దాన్ని కొలిచి నకలు తీసేవాడికి తెలిసేది తన ముందున్న ఒక్క అద్దం కొలతలే, ఆ అద్దంలో ఉన్న చిన్నపాటి దోషంతో సహా. దాంతో నాసి నకళ్లలో మూలల దగ్గర లైటు స్తంభాలు మెలికలు తిరిగి కనిపిస్తాయి, అంచు బాడీకి సరిగా కూర్చోక ఎనభై వేగంలో ఈల వేస్తుంది. దీన్ని బట్టి బయటి అద్దాలన్నీ నాసి అనడం మాత్రం చెల్లదు.

చెల్లదనడానికి చైనాలోని ఫుయావ్ కంపెనీ చరిత్రే చాలు. దాని వ్యవస్థాపకుడు త్సావ్ దవాంగ్ మొదట ఫుజియాన్ రాష్ట్రంలో నీటి మీటర్లకు గాజు చేసే చిన్న కర్మాగారంలో ఉండేవాడు. విదేశాల నుంచి వచ్చే మార్పిడి అద్దాల ధర చూసి, వాటినే ఇక్కడ చేస్తే పోలేదా అనుకున్నాడు. 1987లో ఫుయావ్ పుట్టింది, అదీ బయటి అద్దాల వ్యాపారంగా. దాని మార్పిడి అద్దాలు తమ పరిశ్రమను ముంచుతున్నాయని అమెరికా 2002లో సుంకం వేస్తే, న్యాయపోరాటం చేసి ఆ భారం దించుకుంది. 2014లో ఒహాయోలో జనరల్ మోటార్స్ వదిలేసిన కర్మాగారాన్నే కొనేసింది. ఆస్కార్ అందుకున్న అమెరికన్ ఫ్యాక్టరీ అనే డాక్యుమెంటరీ ఆ కర్మాగారం గురించే. ఇప్పుడు ప్రపంచంలోని పెద్ద కార్ల కంపెనీలెన్నో దాని అద్దాన్ని తమ ముద్రతో బిగిస్తున్నాయి. నిన్నటి లోకల్ ఇవాళ్టి ఒరిజినల్ అయిందన్నమాట.

అలాంటప్పుడు రెండో రకం అద్దం, అంటే కార్ల కంపెనీకి సరఫరా చేసేవాడి సొంత ముద్రతో వచ్చేది, ప్రతి బజారులోనూ దొరకాలి కదా? దొరక్కపోవడానికి సాంకేతిక కారణం లేదు. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 14 కార్ల కంపెనీలకు కలిపి సుమారు 2,545 కోట్ల రూపాయల జరిమానా వేసింది. విడిభాగాలను, మరమ్మతు సమాచారాన్ని బయటి మెకానిక్కులకు అందనివ్వడం లేదనీ, భాగాలు చేసే సరఫరాదారులను నేరుగా బజారులో అమ్ముకోనివ్వడం లేదనీ అభియోగం. కంపెనీలు దాన్ని సవాలు చేశాయి. సవాలు సంగతి అలా ఉంచితే, షోరూం ధరలో కొంత భాగం గాజుకు కాదు, ముద్రకు అని అనుమానించడానికి ఆధారం ఉందన్నది స్పష్టం. ఇక ధర భయమే అడ్డమైతే బీమా కాగితం ఒకసారి తిరగేయండి. మన మోటారు బీమాలో సొంత నష్టానికి కట్టినవారికి ప్లాస్టిక్, రబ్బరు భాగాల మీద 50 శాతం తరుగుదల కోస్తారు గానీ, గాజు మీద కోత సున్నా. క్లెయిమ్ చేస్తే నో క్లెయిమ్ బోనస్ పోవచ్చు. ఆ బోనస్ 50 శాతం దాకా పెరిగి ఉన్నవాడు చవక అద్దానికి క్లెయిమ్ చేయడం నష్టమే, ఖరీదైన అద్దానికైతే లెక్క తిరగబడుతుంది.

ఇంతవరకు వాదన బయటి అద్దం వైపే మొగ్గింది. కెమెరా వచ్చి దాన్ని ఆపుతుంది. 2021లో మహీంద్రా ఎక్స్‌యూవీ 700 వంటి కార్లతో మన దేశంలోనూ అద్దం వెనక నుంచి కెమెరా రోడ్డును చూసి, తానే బ్రేకు వేయడం ఊపందుకుంది. గాజు పలక రెండు ముఖాలూ సమాంతరంగా ఉంటే కాంతి కిరణం కొంచెం పక్కకు జరిగినా దిశ మారదు. ముఖాలు ఏమాత్రం వాలినా దిశ మారుతుంది. కెమెరా చూపు ఒక్క డిగ్రీ తప్పితే 50 మీటర్ల దూరాన అది దాదాపు 87 సెంటీమీటర్ల తేడా. లేను గీత ఎక్కడుందో, ఎదుటి బండి మన దారిలో ఉందో పక్క దారిలో ఉందో పొరబడటానికి అంత తప్పు చాలు. మన కంటికైతే మెదడు సర్దిచెబుతుంది. ముందే చెప్పుకున్న ప్రమాణాలన్నీ ఆ కంటి కోసం, ఆ తల కోసం రాసినవి. కాబట్టి "ఐఎస్ఐ గుర్తుంటే అన్నీ ఒకటే" అనే వాదన ఇక్కడ నిలవదు. హెడ్ అప్ డిస్‌ప్లే సంగతీ ఇంతే. అద్దం లోపలి ముఖం నుంచి ఒక బొమ్మ, బయటి ముఖం నుంచి ఇంకో బొమ్మ పడి జంటగా కనిపించకుండా, పీవీబీని పైన కాస్త మందంగా, కింద కాస్త పలుచగా చేస్తారు. మామూలు అద్దం వేస్తే అంకెలు రెండేసి కనిపిస్తాయి. అయితే డిస్‌ప్లే అనగానే కంగారు పడక్కర్లేదు. మారుతీ బలేనోలో అది డాష్‌బోర్డు మీద లేచే విడి పలక మీద పడుతుంది, ముందు అద్దంతో దానికి నిమిత్తం లేదు.

కెమెరా ఉన్న కారుకు షోరూం అద్దమే వేసినా పని అయిపోలేదన్నది చాలామందికి తట్టని సంగతి. విప్పి బిగించిన ప్రతిసారీ కెమెరాకు కొత్తగా సూటి చూపాలి, అంటే క్యాలిబ్రేషన్ చేయాలి. అది చేయని ఒరిజినల్ కన్నా, చేసిన రెండో రకం అద్దం మేలు. వాన సెన్సర్ దగ్గరా ఇలాంటి చిక్కే ఉంది. అది గాజులోకి ఏటవాలుగా కనపడని కాంతిని వదులుతుంది. బయట పొడిగా ఉంటే కాంతి మొత్తం వెనక్కి తిరిగొస్తుంది, చినుకు ఉంటే కొంత బయటికి జారిపోతుంది. నడుమనున్న జెల్లీ ముక్కలో గాలి బుడగ చిక్కితే ఎండలో కూడా వైపర్లు ఆడతాయి, ఎంత అసలైన అద్దమైనా సరే. అన్నిటికన్నా మించింది అతుకు. ఇప్పటి అద్దాన్ని రబ్బరు బీడింగు పట్టుకోదు, పాలీయురేథేన్ జిగురు పట్టుకుంటుంది. చాలా కార్లలో పక్క సీటు ఎయిర్‌బ్యాగ్ ఉబ్బేటప్పుడు అద్దానికి ఆనుకునే మనిషి వైపు తిరుగుతుంది. కారు పల్టీ కొడితే పైకప్పును నిలిపే బలంలో అద్దానికీ వాటా ఉంది. అద్దం చుట్టూ ఉండే నల్లటి అంచు అలంకారం కాదు, ఆ జిగురును ఎండ తినేయకుండా కాపాడే పూత. జిగురు గాలిలోని తేమతో గట్టిపడుతుంది, దానికి గంటలు పట్టవచ్చు. ప్రైమర్ పూయకుండా, గీతలు పడిన పెయింటు మీదే అంటించి, అరగంటలో తాళం చెవి చేతిలో పెట్టే దుకాణంలో ఏ ముద్ర ఉన్న అద్దమైనా ఒకటే.

నా తీర్పు ఇది. కెమెరా, అద్దం మీదే పడే డిస్‌ప్లే ఉన్న కారైతే కారు కంపెనీ అద్దమో, దాన్ని చేసిన తయారీదారు అదే మోడల్‌కు చేసినదో మాత్రమే వేయించండి, క్యాలిబ్రేషన్ చేసినట్టు కాగితం తీసుకోండి. అవేవీ లేని కారుకు పేరున్న గాజు కంపెనీ అద్దం నిశ్చింతగా చాలు, మిగిలిన డబ్బు మంచి జిగురుకూ పనితెలిసిన మనిషికీ పెట్టండి. గుర్తు లేని అద్దం మాత్రం ఏ కారుకూ వద్దు. పాతది విప్పకముందే దాని కింది మూలన ఉన్న ముద్రను ఫోనులో ఫొటో తీసుకుని, కొత్తదాని ముద్ర పక్కన పెట్టి చూశాకే బిగించమనండి.