గంట కొట్టందే కదలని డ్రైవ్

2001 ఫిబ్రవరి 28న కోలారు బంగారు గనులు (కేజీఎఫ్) మూతబడ్డాయి. అప్పట్నించీ కేజీఎఫ్‌లో ఎన్నో ఇళ్ల బతుకు బెంగళూరు రైలు మీదే నడుస్తోంది. మారికుప్పంలో, కోరమాండల్‌లో తెల్లవారకముందే రైలెక్కేవాళ్ల సంచుల్లో ఇప్పుడు టిఫిన్ డబ్బా పక్కన ల్యాప్‌టాప్ కూడా ఉంటోంది. ఒక పొద్దున అది విండోస్ దాకా రాకుండా ఆగిపోయిందంటే లోపల చిక్కుకునేవి ఆఫీసు ఫైళ్లొక్కటే కావు. నాయన గనిలో చేసిన సర్వీసు కాయితాల స్కాన్లు, తాతల నాటి ఫొటోలు కూడా అందులోనే ఉంటాయి. వాటిని బయటికి తేగలిగేది లైనక్స్ ఎక్కించిన ఓ పెన్‌డ్రైవ్.

అందుకు లైనక్స్‌కు ముందు విండోస్ డిస్కును చదవడం రావాలి. విండోస్ తన డిస్కు మీద ఫైళ్లను అమర్చుకునే పద్ధతి ఎన్‌టీఎఫ్‌ఎస్. 1993లో విండోస్ ఎన్‌టీ 3.1తో పుట్టింది. దాని లోగుట్టును మైక్రోసాఫ్ట్ పూర్తిగా బయటపెట్టలేదు. డిస్కు మీది బైట్లను ఒక్కొక్కటే పరిశీలించి, ఏది ఎందుకుందో లైనక్స్ వాళ్లే తేల్చుకోవలసి వచ్చింది. 1990ల్లో మార్టిన్ ఫాన్ లోవిస్ ఆ డిస్కును లైనక్స్‌కు అర్థమయ్యేలా చేసే మొదటి డ్రైవర్ ప్రోగ్రాం రాశాడు, తర్వాత ఆంటన్ ఆల్టపర్మకోవ్ దాన్ని తిరగరాశాడు. చదవడం వచ్చింది గానీ, రాయడానికి చాలాకాలం భయపడాల్సే వచ్చింది.

2000లో జర్మనీకి చెందిన క్లాస్ క్నాపర్ హార్డ్‌డిస్కును తాకకుండా సీడీ నుంచే నడిచే లైనక్స్‌ను అందించాడు. అదే క్నాపిక్స్. ఆ తర్వాత హంగేరీకి చెందిన సాబోల్చ్ సాకాచిచ్ 2006లో ఎన్‌టీఎఫ్‌ఎస్-3జీ అనే డ్రైవర్ తెచ్చాడు. మరుసటి ఏడు దాని స్థిరమైన వెర్షన్ రావడంతో విండోస్ డ్రైవ్‌లో ధైర్యంగా రాయడం మామూలు మనిషికీ సాధ్యమైంది. ఇంత మేలు చేసిన మనిషి పేరు మన ఊళ్లలో ఎవరికీ తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది.

2012లో విండోస్ 8 వచ్చాక కొత్త చిక్కు మొదలైంది. అందులో 'ఫాస్ట్ స్టార్టప్' ఉంది. మనం షట్‌డౌన్ నొక్కితే యంత్రం పూర్తిగా ఆగదు. కెర్నల్, డ్రైవర్ల జ్ఞాపకాన్ని హైబర్‌ఫిల్.సిస్ అనే ఫైల్లో దాచుకుని పడుకుంటుంది. డిస్కు ఏ స్థితిలో ఉందన్న లెక్క కూడా ఆ జ్ఞాపకంలోనే ఉంటుంది. ఈలోగా లైనక్స్ వచ్చి ఏదైనా మారిస్తే, లేచిన విండోస్ పాత లెక్కనే నమ్మి రాసుకుపోతుంది. ఫైళ్లు చెడతాయి. అందుకే పెన్‌డ్రైవ్ నుంచి లేచిన లైనక్స్‌లో ఆ డ్రైవ్ మీద నొక్కగానే, విండోస్ నిద్రలో ఉందనీ రాయడానికి తెరవననీ సందేశం వస్తుంది. గనిలో గంట సంకేతం అందందే షాఫ్టులో మనుషుల్ని దింపే కేజ్ కదలదు. లైనక్స్‌లోని ఎన్‌టీఎఫ్‌ఎస్ డ్రైవర్ పట్టుపట్టేది కూడా అలాంటి జాగ్రత్త కోసమే.

చాలామంది ఇక్కడే తొందరపడి, నిద్ర ఫైలును చెరిపేసే 'రిమూవ్ హైబర్‌ఫైల్' ఆప్షన్ వాడతారు. డ్రైవ్ తెరుచుకుంటుంది, కానీ విండోస్ దాచుకున్నదంతా పోతుంది. మన పని ఫైళ్లు కాపీ చేసుకోవడమే అయితే, 'రీడ్ ఓన్లీ'గా మౌంట్ చేస్తే, అంటే చదవడానికి మాత్రమే తెరిస్తే చాలు. డిస్కులో ఒక్క బైటూ మారదు. ముందు అన్నీ వేరే డిస్కులోకి తీసుకున్నాకే మరమ్మతు గురించి ఆలోచించాలి. లైనక్స్‌లో అందుకు దొరికే ఎన్‌టీఎఫ్‌ఎస్‌ఫిక్స్ అనే పనిముట్టు పెద్ద వైద్యం కాదు. చిన్న తేడాలు సవరించి, అసలు తనిఖీని విండోస్‌కే వదులుతుంది. విండోస్ ఇంకా లేస్తుంటే 'రీస్టార్ట్' నొక్కండి. అప్పుడు అది నిజంగా మూసుకుని లేస్తుంది. లైనక్స్ పెన్‌డ్రైవ్‌ను ఆ సమయంలోనే ఎంచుకోవచ్చు.

ఇప్పుడు కొత్త ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో బిట్‌లాకర్ తాళం కూడా ఉంటోంది. 48 అంకెల రికవరీ కీ లేకపోతే ఏ లైనక్సూ ఏమీ చేయలేదు. కీ ఉంటే డిస్‌లాకర్ లాంటి పనిముట్టుతో తెరవవచ్చు. మీ యంత్రం బాగా పనిచేస్తున్నప్పుడే, మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఆ కీ ఉందో లేదో ఈరోజే చూసి కాయితం మీద రాసి పెట్టుకోండి.